ప్రయాణానికీ పదునుంటుంది

అనంతపురం రైతుకు ‘రేపు’ అన్న మాట మీద నమ్మకం తక్కువ. నాలుగు చినుకులు పడి నేల పదునెక్కిందంటే చాలు... ఇంట్లో పెళ్లి ఉన్నా సరే, విత్తనం వేయాల్సిందే. రెండ్రోజులు ఆగితే నేల ఆరిపోతుంది. మళ్లీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతాయి. అందుకే ఈ సీమలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి.

పదును సంగతి ఇంత బాగా తెలిసిన ఇళ్లలోనూ ఒక్క మాట మాత్రం ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంటుంది. ‘లేపాక్షా? వచ్చే ఏడు పోదాంలే!’

పిల్లల పరీక్షలు అవ్వనీ, అప్పు తీరనీ, అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గనీ... అనుకుంటుండగానే పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోతారు. అవ్వ మోకాళ్లు ఇంకాస్త అరుగుతాయి. చూడాలనుకున్న ఊళ్ల జాబితా మాత్రం అలాగే ఉంటుంది.

వెళ్లొస్తానని వచ్చిన దొర

వాయిదా వేస్తే ఏమవుతుందో, వేయకపోతే ఏం దక్కుతుందో రెండూ చెప్పే కథ ఒకటి గుత్తిలో ఉంది. 1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని ఇంగ్లిషువాళ్లకు ఇచ్చేశాక, దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు థామస్ మన్రో. 1807 వరకూ ఇక్కడే ఉండి ఊరూరా తిరిగి పన్నుల లెక్క సరిచేశాడు. పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకునేంతగా జనానికి దగ్గరయ్యాడు.

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. కొన్నేళ్లకు స్వదేశం వెళ్లిపోవాలనుకుంటే బర్మా యుద్ధం వచ్చిపడింది. ప్రయాణం వాయిదా పడింది. 1826లో భార్య, జబ్బుపడిన చిన్న కొడుకుతో కలిసి ఇంగ్లండు ఓడెక్కింది. ఆయన మాత్రం కొత్త గవర్నరు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు. ఆ ఎదురుచూపులోనే ఒక పని తలపెట్టాడు. వెళ్లిపోయే ముందు దత్త మండలాలను ఒక్కసారి కళ్లారా చూసిరావాలని 1827 మే నెలలో బయల్దేరాడు. జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గుత్తి కొండ కింద ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

వాయిదా పడ్డ ఇంటి ప్రయాణం ఇక జరగనే లేదు. వాయిదా వేయని యాత్ర మాత్రం ఆయనకు దక్కింది.

సగంలో ఆగిన రాళ్లు

ఈ సీమలో రాళ్లదీ అదే పాఠం. లేపాక్షి వీరభద్రాలయంలో నేలకు ఆనీ ఆనకుండా వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ దూర్చి మురిసిపోని పిల్లలుండరు. పైకప్పు మీద రంగుల బొమ్మలు, లతామండపం స్తంభాలపై చీర అంచుల్ని తలపించే చెక్కుళ్లు, ఊరి మొదట్లో ఏకశిలా నంది... రోజంతా చూడొచ్చు. వెనకవైపు మాత్రం కల్యాణ మండపం కప్పు లేకుండా నిలబడి ఉంటుంది. శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలంతా స్తంభాల మీద సిద్ధంగా ఉన్నారు, పందిరే లేదు! గుడి కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడాడని రాజు ఆగ్రహించాడనీ, ఆయన తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడనీ, పని అక్కడితో ఆగిపోయిందనీ స్థానిక కథ. ఈ ఆలయం 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గోపురాలదీ ఇదే తీరు. కింది అంతస్తుల్లో అణువణువునా శిల్పమే... పైన మాత్రం ఖాళీ ఆకాశం. ఎంత వైభవమున్నా ‘తర్వాత’ అన్న రోజు వస్తుందన్న హామీ లేదని అవి చెప్పకనే చెబుతాయి.

జాబితా ఇలా రాయండి

దూరాన్ని బట్టో, పేరును బట్టో కాదు... పదును బట్టి రాసుకోండి. ఏది ముందు చేజారుతుందో అది ముందు.

మొదటి వరుసలో కొండ కోటలు. గుత్తి కోటకు మెలికలు తిరుగుతూ ఎక్కాలి. మోకాళ్లు మాట వింటున్నప్పుడే అది సాధ్యం. పెద్దవాళ్లతో అయితే చలికాలంలో, తెల్లవారగానే మొదలుపెట్టండి. నీళ్లు మాత్రం మరవొద్దు. 1776లో హైదర్ అలీ ముట్టడిస్తే, నీళ్లు అడుగంటే మురారిరావు ఈ కోటను వదులుకోవాల్సి వచ్చింది! రక్కసి-తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధానిగా నిలిచిన పెనుకొండనూ ఇదే వరుసలో రాసుకోవాలి.

రెండో వరుసలో రుతువును బట్టి వచ్చేవి. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే కొంగలు అలాంటివే. సైబీరియా కొంగలని జనం పిలుచుకున్నా అవి మనదేశపు పెయింటెడ్ స్టార్క్ పక్షులే. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఏడాది మొదట్లో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోతాయి. వాటికి చేపలు దొరికేది చెరువుల్లోనే. చెరువులు నిండిన ఏడాది మీరు వెళ్లకపోతే, మళ్లీ నిండేదాకా ఆగాల్సిందే. లేపాక్షి ఇక్కడికి దగ్గరే కాబట్టి రెండూ ఒకేరోజు చూడొచ్చు.

మూడో వరుసలో మనకోసం ఆగేవి. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఐదెకరాలకు దగ్గరగా విస్తరించిన తిమ్మమ్మ మర్రిమాను అందులో మొదటిది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన ఈ చెట్టు నీడకు నడవలేని అవ్వనైనా, చంకలో పిల్లనైనా తీసుకెళ్లొచ్చు.

2022లో జిల్లా రెండయ్యాక లేపాక్షి, పెనుకొండ, కదిరి శ్రీసత్యసాయి జిల్లాలో చేరాయి. గుత్తి, తాడిపత్రి అనంతపురంలోనే ఉన్నాయి. జిల్లాలు విడిపోయినా దారులు అవే. గుత్తి, అనంతపురం, పెనుకొండ... మూడూ హైదరాబాద్-బెంగళూరు హైవే మీదే వస్తాయి. ఒక్కోదానికి ఒక్క ఆదివారం చాలు. సద్దిమూట కట్టుకుంటే ఖర్చు బస్సు చార్జీలే.

ప్రతి పేరు పక్కనా తేదీ వేయండి. తేదీ లేనిది కోరిక, తేదీ ఉన్నది ప్రయాణం. క్యాలెండర్లో వచ్చే ఆదివారం ఖాళీగా ఉందా? అయితే ముందు అవ్వను అడగండి... ఏ ఊరు చూడాలనుందో!