పింజారి నాజర్ మనకేమవుతారు?

మన వైపు తెలుగులో ‘పింజారి’ అంటే తిట్టు. మిర్చి యార్డులో కాటా దగ్గరో, బస్సులో సీటు గొడవలోనో ఎవరో ఒకరి నోట వినపడుతూనే ఉంటుంది. అది ఒక పేషా పేరు. దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి, హలాల్ రోజీ తిన్న ఖాందాన్ల పేరు. అనేవాడికి ఆ సంగతి గుర్తుండదు. షేక్ నాజర్ గారి ఆత్మకథ పేరు మాత్రం అదే: ‘పింజారి’.

ఆయన 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టారు. నల్లరేగడి పత్తి చేల మధ్య ఊరది. ఇంట్లో గరీబీ. గొంతు మాత్రం అల్లా ఇచ్చిన దౌలత్. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టారు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం తాలీం తీసుకున్నారు. తర్వాత ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ పట్టుకున్నారు.

బుర్రకథ చూడని పిల్లల కోసం చెప్తున్నాను. ముగ్గురు నిలబడతారు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకి అందెలు. అటొకరు, ఇటొకరు డక్కీలు వాయిస్తారు. ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు దేశంలో జరిగే జుల్మ్ గురించి సవాల్ చేస్తారు. తెర లేదు, సెట్టింగు లేదు. వేల మంది రాత్రంతా కూర్చునేవాళ్ళు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు... కథలు తనే రాసుకుని తనే పాడారు నాజర్. నాటకాలూ రాశారు. అందులో ఒకదాని పేరు ‘ఆసామి’.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆసామి అంటే మన ఊళ్ళో భూమున్న రైతు. అసలు అది అరబీ మాట. ‘ఇస్మ్’ అంటే పేరు, దాని బహువచనం ‘అసామీ’. భూమి లెక్కల్లో రాసుకునే పేర్లన్నమాట. మన జుబాన్ మాట తెలుగు రైతు ఇంటిపేరంత సొంతమైపోయింది. మరి తెలుగు మాట్లాడే ముసల్మాను మనకి పరాయి ఎలా అయ్యాడు?

ఇది ఊరికే అడగట్లేదు. పోయినేడు మా ఖాలా కూతురికి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి చదువుకున్నాడు, నౌకరీ ఉంది, అఖ్లాక్ మంచిది. అందరూ సరే అనుకున్నాక మా ఖాందాన్‌లో ఒక పెద్దావిడ అంది: “సబ్ ఠీక్ హై. మగర్ వాళ్ళు దూదేకులోళ్ళంట. ఇంట్లో తెలుగేనంట.” అంతే, మాట ఆగిపోయింది. మా చెల్లి ఏడవలేదు. నన్ను ఒకటే అడిగింది: “భాయ్, మసీదులో సఫ్ ఒకటే కదా, దస్తర్‌ఖాన్ దగ్గరకొచ్చేసరికి రెండెందుకు?”

తమాషా ఏంటంటే, ఆ పెద్దావిడే ఇంకోసారి చిన్నప్పుడు బండి కట్టుకుని నాజర్ బుర్రకథకి వెళ్ళిన సంగతి మురిసిపోతూ చెప్పింది. “మనోడికి పద్మశ్రీ ఇచ్చారు” అని కూడా అంది. ఇచ్చిన మాట నిజమే, 1986లో. అంటే పద్మశ్రీ వచ్చినప్పుడు మనోడు, రిష్తా దగ్గర దూదేకులోడు!

నాజర్ పాడిన పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. చాపకూడు అంటారు దాన్ని. ఆ కథ మాచర్ల, కారంపూడి నేల మీద పుట్టింది. ఊరూరా దాన్ని తీసుకెళ్ళి వినిపించిన వాళ్ళలో ఒక పింజారి ఉన్నాడు. బరాబరీ మన దీన్ మొదటి సబక్ అని మనమే చెప్పుకుంటాం. ఆ సబక్ మన పెళ్ళి మాటల్లో ఎందుకు వినపడదు?

నాజర్ 1997లో ఇంతెకాల్ అయ్యారు. ఏకే విల్లు కూడా ఇప్పుడు ఎక్కడో గానీ కనపడదు, మిషన్లు వచ్చేశాయి. పేషా పోయింది, తిట్టు మిగిలింది. బయటివాళ్ళ నోటి నుంచి ఆ తిట్టు మానిపించడం మన చేతుల్లో ఉందో లేదో గానీ, మన ఇంట్లో మానెయ్యడం మన చేతుల్లోనే ఉంది.

మీ ఇంటికి రిష్తా వస్తే నమాజ్ అడగండి, అఖ్లాక్ అడగండి, కమాయీ అడగండి. ఇంట్లో ఏ జుబాన్ అని మాత్రం అడక్కండి. ఆ అబ్బాయికి ఇంకా నికాహ్ కాలేదని తెలిసింది. మా ఖాలాకి నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఆమె కాదనలేదు. దువా చేయండి.