గుట్ట మీద గుర్తులు

నవంబర్ 9, భద్రాచలం

కార్తీక ఆదివారం. రేవులో మునిగినవాళ్లు తడిబట్టలతోనే గుడి మెట్లెక్కుతున్నారు. చూడ్డానికి భద్రగిరి పెద్ద కొండేమీ కాదు. దీని ఎత్తు గోదావరి పొంగినప్పుడే తెలుస్తుంది. ఇక్కడ 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. కింద వీధులు మునిగినా గుడి మునగలేదు. ఊళ్లను ఏరు చెరిపేసే చోట, చెరగని దాన్ని మనుషులు దేవుడికి ఇవ్వడం నాకు సహజంగానే కనిపిస్తోంది.

భద్రుడి రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి, రాముడి పాదాల కింద కొండై నిలిచాడని స్థలపురాణం. ఆ రాయే అతని శిరస్సు, దాని మీదివి స్వామి పాదాలు అంటారు. కొండ మీద దేవుడు ఎక్కడైనా ఉంటాడు. ఇక్కడ కొండే భక్తుడు.

నవంబర్ 10

వెదురు బుట్టలు అమ్ముతున్న కోయ అవ్వను దమ్మక్క గురించి అడిగాను. "మా మనిషే అయ్యా. ఆమె తాటిపండు పెట్టకముందు రాముణ్ని ఎవరు చూసిండ్రు?" అంది.

నిజమే. భద్రిరెడ్డిపాలెం దమ్మక్కకు పుట్టలో విగ్రహాలు దొరికాయి, ఆమె పందిరి వేసి తాటిపండ్లు నైవేద్యం పెట్టింది. ఆ తర్వాతే నేలకొండపల్లి కంచర్ల గోపన్న వచ్చాడు. పాల్వంచ పరగణా తహశీల్దారుగా శిస్తు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలకు వెళ్లాడు. రామలక్ష్మణులే వచ్చి గోల్కొండ సుల్తాను తానీషాకు రామమాడలు చెల్లించారని కథ. తానీషా నాటి ఆనవాయితీగా ఇప్పటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం నుంచి ముత్యాల తలంబ్రాలు వస్తాయి.

నవంబర్ 12, రాత్రి

భద్రుడి రాయి మీది పాదాలు తలచుకుంటే శ్రీలంక శ్రీపాద పర్వతం గుర్తొచ్చింది. 2,243 మీటర్ల శిఖరం మీద ఒకే అడుగుజాడ. బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు ఆదాముది, క్రైస్తవుల్లో కొందరికి తోమా అపోస్తలుడిది. మన హైదరాబాద్ పక్క మౌలాలీ గుట్ట మీద హజ్రత్ అలీ చేతి ముద్ర. కుతుబ్‌షాహీల కాలంలోనే ఆ దర్గా వెలిసింది, హిందువులూ మొక్కుతారు. ఎవరో మహానుభావుడు ఇక్కడ నిలిచాడనడానికి రాతిలో ఒక గుర్తు కావాలి. మట్టి నేలను దున్నేస్తారు, రాయి మిగులుతుంది.

శ్రీపాదంలో గుర్తు ఒకటే, కథలు నాలుగు. భద్రగిరిలో కథ ఒకటే. అందులో కోయ స్త్రీ, బ్రాహ్మణ తహశీల్దారు, ముస్లిం సుల్తాను ముగ్గురూ ఉన్నారు. ఎవరిని తీసేసినా కథ నడవదు. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది. దమ్మక్క వంతును మాత్రం మనం చిన్నది చేసి చెబుతున్నాం, అది బాధ.

నవంబర్ 16, మేడారం

మణుగూరు, ఏటూరునాగారం మీదుగా వచ్చాను. చిలకలగుట్టను దూరం నుంచే చూశాను. కాకతీయ సేనతో పోరాడి గాయపడిన కోయల దేవత సమ్మక్క ఈ గుట్ట మీదే మాయమైందట. వెతకబోతే పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందంటారు. దమ్మక్కకూ విగ్రహాలు పుట్టలోనే కదా దొరికాయి! రెండేళ్లకోసారి జాతరకు కోయ పూజారులు గుట్ట ఎక్కి తల్లిని గద్దెకు తెస్తారు, పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు. లక్షల మంది ఎదురుచూస్తారు గానీ గుట్ట ఎక్కరు.

భద్రగిరికి మెట్లు వచ్చాయి, గోపురం వచ్చింది, మంచిదే. చిలకలగుట్టకు మాత్రం జాతర సౌకర్యాల పేరుతో ఎవరూ మెట్లు కట్టకూడదు. ఈ గుట్ట విషయంలో ఆఖరి మాట కోయ పూజారులదే కావాలి.