ఒమారమా ఆకాశానికి ఏ కళ్లజోడు?

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో రోడ్ ట్రిప్ వేసే మనవాళ్లు టెకాపో సరస్సు దగ్గర ఫొటోలు దిగి, అట్నుంచటే క్వీన్స్‌టౌన్ వైపు కారు పరుగెత్తిస్తారు. మధ్యలో ఒమారమా అని చిన్న ఊరు వస్తుంది. జనాభా కొన్ని వందలే. చాలామంది కాఫీ తాగి వెళ్లిపోతారు. కాస్త ఆగి తలెత్తి చూస్తే మాత్రం, పొడవాటి రెక్కలున్న తెల్లటి విమానాలు చప్పుడు లేకుండా తిరుగుతుంటాయి. అవే గ్లైడర్లు. మన ఊళ్లో గద్ద రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ పైకి పోతుంది చూడండి, ఇదీ అంతే. ఓ చిన్న విమానం తాడుతో పైకి లాక్కెళ్తుంది. తగినంత ఎత్తుకు చేరాక పైలట్ తాడు వదిలేస్తాడు. ఆ తర్వాత గాలే దిక్కు.

ఈ ఊరికే ఎందుకింత పేరు? టాస్మన్ సముద్రం మీంచి వచ్చే వాయవ్యపు గాలి సదరన్ ఆల్ప్స్ పర్వతాలను ఢీకొంటుంది. పడమటి వైపు వాన కురిపించేసి, ఇటువైపు పొడిగా దిగుతుంది. వాగులో బండరాయి దాటిన నీళ్లు అవతల అలలుగా లేస్తాయి కదా, ఇక్కడ గాలి అలాగే లేస్తుంది. ఆ అల మీద ఇడ్లీలు పేర్చినట్టు మేఘాలు నిలబడతాయి. వాటి ముందు అంచున పైకి లేచే గాలిని పట్టుకుంటే గ్లైడర్ వేల అడుగులు ఎక్కేస్తుంది. 1995లో ప్రపంచ గ్లైడింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. స్టీవ్ ఫాసెట్, ఐనార్ ఎనెవోల్డ్‌సన్ జంట ఎత్తు రికార్డు కోసం మొదట ప్రయత్నించిందీ ఇక్కడే. ఆఖరికి 2006లో అర్జెంటీనాలో 50 వేల అడుగులు దాటి సాధించారు.

ఊరి పేరుకు మావోరీ భాషలో ‘వెలుగుల చోటు’ అని అర్థం చెబుతారు. ఎగిరేవాళ్లకు ఆ వెలుగే పరీక్ష. వెయ్యి మీటర్లు ఎక్కితే అతినీల లోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గ్లైడర్‌కి తల మీద రేకు కప్పు ఉండదు, పారదర్శకమైన బుడగలాంటి మూతే. పైన సూర్యుడు, పక్కన 3,724 మీటర్ల అవొరాకి శిఖరం మీద మంచు, కింద పుకాకి సరస్సు తళతళలు. కూలింగ్ గ్లాసెస్ ఇక్కడ స్టైల్ కోసం కాదు.

సైట్ ఉంటే ఎగరొచ్చా?

‘కళ్లద్దాలుంటే పైలట్ కాలేవు’ అనే మాట మనలో చాలామంది చిన్నప్పుడే విని, ఆ కల అక్కడే వదిలేసి ఉంటారు. నాకూ మైనస్ మూడు సైటే. నిజానికి కళ్లద్దాలతో చూపు సరిపోతే గ్లైడర్ నేర్చుకోవచ్చు. లైసెన్స్ తీసుకునేవాళ్లకు వైద్య పరీక్షలో అద్దాలు తప్పనిసరని తేలితే మాత్రం, అదే పవర్‌తో రెండో జత కూడా చేతికందేలా ఉంచుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్‌తో సరదాగా ఒక్కసారి ఎగిరి రావడానికైతే ఇంత తతంగం లేదు.

పవర్ విషయంలో రాజీ వద్దు. రెండు గ్లైడర్లు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే, మధ్యలో ఉన్న కిలోమీటరు 12 సెకన్లలో కరిగిపోతుంది. పైగా ఎదురుగా వచ్చే గ్లైడర్ సన్నటి తెల్ల గీతలా తప్ప కనిపించదు. వెనకాల మంచుకొండ ఉంటే అదీ కష్టమే. ఫ్లార్మ్ అనే పరికరం ముందే హెచ్చరిస్తుంది కానీ, అవతలి గ్లైడర్‌లోనూ అది ఉంటేనే. చివరికి నమ్ముకోవాల్సింది కళ్లనే. పాత పవర్‌తో ఉన్న నల్లద్దాలు రోడ్డు మీద నడిచిపోతాయేమో, అక్కడ కుదరదు.

పోలరైజ్డ్‌తో పేచీ

షాపులో ముందు చూపించేది పోలరైజ్డ్ లెన్సే. నీళ్ల మీద మెరుపును బాగా తగ్గిస్తుంది. పేచీ అక్కడే. దూరంగా ఇంకో గ్లైడర్ మలుపు తిరిగినప్పుడు దాని రెక్క ఒక్క క్షణం తళుక్కుమంటుంది. ఆ తళుకు మనకు కావాలి! పోలరైజ్డ్ దాన్ని మింగేయొచ్చు. కొన్ని డిజిటల్ స్క్రీన్లు దీంతో చూస్తే నల్లబడతాయి. మీ దగ్గర పోలరైజ్డ్ అద్దాలుంటే పెట్టుకుని, ఫోన్‌ని నిలువుగా, అడ్డంగా తిప్పి చూడండి, చాలా ఫోన్లలో తేడా తెలుస్తుంది. గ్లైడర్ మూతలోనూ రంగురంగుల మచ్చలు కనిపించొచ్చు. మేఘాల అంచులు స్పష్టంగా కనిపిస్తాయని దీన్నే ఇష్టపడే పైలట్లు లేకపోలేదు. మొదటిసారి కొనేవాళ్లకు మాత్రం మామూలు టింట్ లెన్సే మేలు.

ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ లెన్స్‌ది ఇంకో కథ. అది పనిచేసేది అతినీల లోహిత కిరణాలతో. గ్లైడర్ మూత వాటిలో కొంత ఆపేస్తుంది కాబట్టి లోపల సరిగ్గా నల్లబడకపోవచ్చు. చలిలో మళ్లీ తెల్లబడటానికి ఎక్కువ సేపు పడుతుంది.

రంగు, ఫ్రేమ్

గ్రే లెన్స్ రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. బ్రౌన్ నీలి కాంతిని కొంత వడకట్టి, మసక వాతావరణంలో తేడాలు బాగా తెలిసేలా చేస్తుంది. రెండూ మంచివే. వెలుతురులో 15 శాతం లోపలికి వదిలేది సరిపోతుంది. ‘కేటగిరీ 4’ అని ఉంటే వద్దు, మరీ చీకటి. ‘యూవీ 400’ రక్షణ ఉందో లేదో అడగండి. లెన్స్ పగిలినా కంట్లో గుచ్చుకోకుండా పాలీకార్బొనేట్ అయితే నయం.

ఫ్రేమ్ కాడలు సన్నగా ఉండాలి. లావు కాడలు పక్కచూపును కప్పేస్తాయి. పైగా ఎత్తుకు వెళ్తే ఆక్సిజన్ గొట్టం కూడా అదే చెవుల మీదుగా పోతుంది. ముఖాన్ని చుట్టేసే స్పోర్ట్స్ మోడల్ చూడ్డానికి బాగుంటుంది కానీ, ఎక్కువ పవర్ వేస్తే అంచుల్లో దృశ్యం వంకర తిరగొచ్చు. అన్నట్టు, ముందుకు పొడుచుకొచ్చే క్రికెట్ టోపీ వద్దు. పైనున్న గ్లైడర్ కనపడదు. మెత్తటి గుండ్రటి టోపీయే అక్కడి యూనిఫాం.

చత్వారం వచ్చిన నాన్ననో బాబాయినో తీసుకెళ్తున్నారా? డయల్స్ పుస్తకమంత దగ్గరగా ఉండవు, మైదానమంత దూరంగానూ ఉండవు. ఆ దూరం ఎంతో డాక్టర్‌కి చెప్పి అద్దాలు రాయించండి.

పైన ఎండ, కింద చీకటి

సాయంత్రం గాలి అల మీద ఉన్నవాళ్లకు ఒక చిత్రమైన ఇబ్బంది వస్తుంది. పైన ఇంకా ఎండ కాస్తుంటుంది. కింద లోయలో మాత్రం కొండల నీడ పరుచుకుని, మైదానం మసకబారిపోతుంది. నల్లద్దాలతో దిగితే నేల ఎంత దూరంలో ఉందో తెలియదు. తీసేస్తే సైట్ ఉన్నవాళ్లకు అసలేమీ తెలియదు. ఇంజిన్ లేదు కాబట్టి మళ్లీ పైకి లేచి ఇంకో ప్రయత్నం చేద్దామంటే కుదరదు. అందుకే పవర్ ఉన్న తెల్లద్దాల జత పక్క జేబులో ఉండాలి, సీటు వెనకాల బ్యాగులో కాదు. బెల్టులు బిగించుకున్నాక అక్కడికి చెయ్యి అందదు.

అక్కడ సీజన్ అక్టోబర్ నుంచి మార్చి దాకా. వెళ్లే ఆలోచన ఉంటే కళ్లజోడు బయల్దేరే ముందు రోజు కాకుండా రెండు వారాల ముందే చేయించుకోండి. పెట్టుకుని నడవండి, మెట్లు దిగండి, దూరంగా ఎగిరే పక్షుల్ని వెతకండి. కొత్త లెన్స్‌కి కళ్లు నేల మీదే అలవాటు పడాలి.