కోసిగిలో మూడు రోజులు

గుంతకల్లు నుండి రాయచూరు వైపు వెళ్లే రైలుమార్గంలో ఆదోని దాటిన తరువాత ఇస్వి, కుప్పగల్లు, ఆ పిమ్మట కోసిగి. దాని తరువాతి స్టేషను మంత్రాలయం రోడ్డు గనుక, ప్రయాణికులలో చాలామంది కోసిగి పేరును కిటికీలోనుండి చదివి ఊరకుంటారు. మేము దిగినది ఫిబ్రవరి మాసంలో. పత్తి ఏరడం అయిపోయింది. బండరాళ్ల గుట్టల క్రింద పొలాలు ఎండి ఉన్నాయి. వీధిలో ఇంటింటికీ తాళాలే. జనమంతా సుగ్గికి పోయినారని చెప్పారు. అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, లేదా బెంగళూరులో ఇండ్లు కట్టే పనికి. వానను నమ్ముకున్న నేల ఏడాది పొడుగునా తిండి పెట్టదు మరి. ఊరిలో మిగిలినది ముసలివారు, వారికి అప్పగించిన పిల్లలు.

మా చేతులలోను ఏడు నెలల పాప ఉంది. పాప మా బిడ్డే. అయితే కాలిఫోర్నియాలో ఆమెను మోసి కన్నది మరొక తల్లి.

మాకు వివాహమై పదకొండు సంవత్సరాలు. గర్భం నిలువదని వైద్యులు తేల్చి చెప్పారు. మేము ఉద్యోగరీత్యా ఉన్న ఆ రాష్ట్రంలో చట్టం ఈ మార్గాన్ని అనుమతిస్తుంది. అక్కడ 2013 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం మోసే తల్లికి వేరు న్యాయవాది, బిడ్డను కోరేవారికి వేరు న్యాయవాది ఉండాలి. ఒప్పందం పూర్తికాకముందు ఆమెకు మందులు మొదలుపెట్టరాదు. ఈ సంగతులు మాకు చెప్పినది ఆఫీసులు కాదు, మాకంటె ముందు ఆ దారిలో నడచిన మూడు తెలుగు కుటుంబాలు. శనివారం సాయంత్రాలు ఒకరి యింట కూడుకొనేవారము. ఏ కాగితం ముందు, ఏది వెనుక, అత్తగారికి ఎలా చెప్పాలి, అన్నీ అక్కడే నేర్చుకున్నాము. ఒక అక్కకు రెండుసార్లు ప్రయత్నం విఫలమైంది. అయినా మా కబురు తెలిసిన రోజున పాయసం వండి తెచ్చినది ఆమెయే. ఆ గిన్నె అందుకోవడానికి మా చేతులు వెంటనే ముందుకు రాలేదు.

ఆ అక్క పుట్టిల్లే కోసిగి. "మా అమ్మకు పాపను చూపించి రండి" అని పంపింది.

మన దేశపు సంగతి వేరని పాఠకులు తెలిసికోవాలి. 2002 నుండి ఇక్కడ డబ్బుకు బిడ్డను మోసి యివ్వడం సాగింది, విదేశీయులెందరో వచ్చారు. 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో జపాను దంపతుల కొరకు ఒక పాప పుట్టేనాటికే ఆ దంపతులు విడిపోయారు. నాయనమ్మ జపాను నుండి వచ్చి, కాగితాలు తెమిలేదాకా నెలల తరబడి పాపను సాకింది. 2015 నవంబరులో విదేశీయులకు ఈ దారి మూసివేశారు. 2021 చట్టం 2022 జనవరి 25న అమలులోకి వచ్చింది. ఇప్పుడు వైద్య ఖర్చులు, 36 నెలల బీమా తప్ప వేరే ప్రతిఫలం ఇవ్వరాదు. మోసే స్త్రీ 25, 35 ఏండ్ల మధ్య వయసుదై, తనకంటూ బిడ్డ గలదై ఉండాలి. అదియు జీవితంలో ఒక్కసారే. అప్పులలో ఉన్న పల్లెకు మధ్యవర్తి ఎవరైనా డబ్బు ఆశ చూపుతూ వస్తే అది నేరం. పదేండ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

అవ్వ యింట కూడ ఇద్దరు మనుమలున్నారు. కొడుకు, కోడలు గుంటూరు వైపు పోయి నెల దాటింది. జొన్నరొట్టె తట్టుతూనే ఆమె మా కథంతా విన్నది. ప్రక్క యిండ్ల స్త్రీలు కూడ వచ్చి కూర్చున్నారు. ఎవరి పోలిక, ఎంత ఖర్చు, ఏ కులము అని అడుగుతారని మేము జవాబులు సిద్ధం చేసికొని ఉన్నాము. అవ్వ అడిగినది వేరు.

"కన్న ఆయమ్మకు బాలింత పత్యం ఎవురు పెట్టిరి?"

అబ్రాహాము ఇంట హాగరును ఎవరూ ఏమీ అడుగలేదు. ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివినా మాకు ఆ సంగతి తట్టినది కోసిగి పొయ్యి దగ్గరే. ఆమె భర్త, ఆమె తల్లి చూసుకొన్నారనియు, మేమును నెల రోజులు భోజనం పంపామనియు చెప్పాము. అవ్వ తల ఊపి పాపను ఒడిలోకి తీసికొన్నది. ఇతరుల చేతికి బిడ్డనిచ్చి పోవడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. ఏటేటా చేస్తున్న పనే.

మూడవ రాత్రి గుంటూరు నుండి కోడలు ఫోను చేసి పిల్లలతో మాట్లాడింది. అది పెట్టేయగానే అవ్వ, "ఆయమ్మకు గూడ చెయ్యండి, మాట్లాడతా" అన్నది. అక్కడ అప్పుడే తెల్లవారుతున్నది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకనే నవ్వుకున్నారు. నడుము నొప్పి ఇంకా ఉన్నదట. వాము నీళ్లు కాచి తాగమని అవ్వ చెప్పింది. వామును ఇంగ్లీషులో ఏమంటారో మాకు ఎంతకూ తోచలేదు.