ఖాళీ అయిందని చెప్పని పిస్తోలు

ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు వారాలుగా తర్జనభర్జన పడుతున్నాను. చదివిన పుస్తకాల గురించీ, పెరటిలో కాసిన దోసకాయల గురించీ రాసుకునే చోట తుపాకీ ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆ శనివారం జరిగినది ఎవరితోనైనా చెప్పుకోకపోతే మనసు కుదుటపడేట్టు లేదు. తుపాకీ కొనుక్కోమని గానీ, కొనవద్దని గానీ చెప్పడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా నాన్నగారు తెనాలిలో బ్యాంకు గుమాస్తాగా పనిచేసేవారు. ఆ బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద, మిలటరీలో పనిచేసి వచ్చిన హవల్దారు ఒకాయన రెండు గొట్టాల తుపాకీతో కూర్చునేవాడు. మేమంతా ఆయనను హవల్దారు మామయ్య అనేవాళ్ళం. సాయంత్రం బ్యాంకు కట్టేశాక ఆయన తూటాలు తీసి బల్ల మీద పెట్టి, తుపాకీని మధ్యకు విరిచి, వెనుకవైపు నుంచి ఆ గొట్టాలలోకి నన్ను చూడనిచ్చేవాడు. అటువైపు కిటికీ వెలుతురు రెండు గుండ్రటి నాణేల్లా మెరిసేది. "ఖాళీ అని నోటితో చెబితే చాలదురా అబ్బాయ్, వెలుగు కనపడాలి" అనేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో విన్న ఆ మాట విలువ నలభై ఏడేళ్ళు వచ్చాక, డల్లాసులో తెలిసింది.

నేనొక పిస్తోలు కొన్నాను. దానికి కారణం ఒక్కటని చెప్పలేను. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వార్త విన్ననాటి నుంచీ మా మిత్రబృందంలో ఈ చర్చ నడుస్తూనే ఉంది. అప్పటికి నేనింకా హెచ్1 వీసా మీద ఉన్నాను. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అటువంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందువల్ల ఆ చర్చలో నా వంతు ఎప్పుడూ సులువుగానే తేలిపోయేది. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ సాకు పోయింది. ఆపైన నిరుడు శీతకాలంలో మా వీధి చివర ఉన్న తెలుగువారింట్లో దొంగలు పడి, పెళ్ళినాటి బంగారమంతా ఊడ్చుకుపోయారు. ఆ వారమంతా రాత్రిళ్ళు కిటికీ దగ్గర ఏ చప్పుడైనా లేచి కూర్చునేవాణ్ణి.

మా ఆవిడకు ఇది సుతరామూ ఇష్టం లేదు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే మనిషి, అంకెలతో మాట్లాడుతుంది. "2021లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48,830 మంది పోయారు. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్ళు. ఇంట్లో పెట్టుకున్నది దొంగను చూసే బయటకు వస్తుందని మీకెవరు చెప్పారండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. భయం మాత్రం ఉంది. కొన్నాను.

ఇక పిస్తోలు కథ. ఇటువంటివాటితో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. పిస్తోలు పైభాగంలో ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు తొడుగును స్లైడు అంటారు. తూటా పేలిన ప్రతిసారీ అది వెనక్కు పోయి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, స్ప్రింగు తోసిన కొద్దీ ముందుకు వస్తూ మేగజైనులోంచి కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది. మేగజైనులో తూటాల కింద ఒక పలక, దాని కింద ఒక స్ప్రింగు ఉంటాయి. చివరి తూటా కూడా పోయాక ఆ పలక పైకి లేచి, స్లైడు స్టాపు అనే చిన్న మీటను ఎత్తుతుంది. ఆ మీట స్లైడుకున్న గాడిలో పడి, దానిని వెనుకనే ఆపేస్తుంది. అంటే ఆఖరి తూటా పేలగానే పిస్తోలు నోరు తెరుచుకుని నిలబడాలి. "నా దగ్గర ఇంకేమీ లేదు, చూసుకో" అని అది చెప్పే పద్ధతి అదే. హవల్దారు మామయ్య చూపించిన వెలుగే ఇది.

నా పిస్తోలు చెప్పలేదు. మొదటిరోజు రేంజిలో పది మేగజైన్లు కాల్చాను. పదిసార్లూ ఆఖరి తూటా తరువాత స్లైడు మామూలుగా ముందుకు వచ్చి మూసుకుంది. మళ్ళీ ట్రిగ్గరు నొక్కితే 'టిక్' మని వట్టి చప్పుడు. కొత్త వస్తువు, ఇంత డబ్బు పోసి కొన్నాను, తయారుచేసినవాడు మోసం చేశాడని ఇంటికి వచ్చేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

వృత్తిరీత్యా నేను ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు వెదికేవాణ్ణి. ఒక్కొక్క కారణాన్నే వేరుచేసి పరీక్షించాలన్నది మా శాస్త్రం. ఆ రాత్రి తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, గొట్టం ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, పని మొదలుపెట్టాను. ఖాళీ మేగజైను పెట్టి స్లైడును చేత్తో గట్టిగా వెనక్కు లాగితే 'టక్' మని ఆగింది. ఇరవైసార్లు లాగాను, ఇరవైసార్లూ ఆగింది. ఉన్న రెండు మేగజైన్లకూ 1, 2 అని అంకెలు వేసి మార్చి మార్చి చూశాను. రెండూ ఒకటే. అంటే మీట బాగానే ఉంది, మేగజైను స్ప్రింగు బాగానే ఉంది, పలకా బాగానే ఉంది. చేత్తో లాగితే ఆగేది, పేలిస్తే ఎందుకు ఆగదు?

పుస్తకాలు తిరగేస్తే మరి రెండు అనుమానాలు దొరికాయి. ఒకటి, స్లైడును ముందుకు తోసే స్ప్రింగు కొత్తలో బిగువుగా ఉంటుంది. మందు తక్కువ పట్టించిన చవకరకం తూటాలైతే స్లైడు పూర్తిగా వెనక్కు పోకముందే తిరిగి వచ్చేస్తుంది. రెండు, మణికట్టు సడలిస్తే పిస్తోలు మొత్తం చేతితోపాటు వెనక్కు ఊగి, స్లైడుకు అందవలసిన ఊపు తగ్గిపోతుంది. ఈ రెండో సంగతి చదివి నాకు కాస్త పౌరుషం వచ్చింది. మరుసటి శనివారం ఇంకా గట్టిగా పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. 115 గ్రెయిన్ల తూటాలతోపాటు 124 గ్రెయిన్లవి కూడా ఒక పెట్టె కొన్నాను. పిస్తోలుకు నూనె వేశాను. మా ఆవిడను కూడా రమ్మన్నాను. భయపడవలసినది ఏమీ లేదని ఆమెకు చూపించాలని నా తాపత్రయం.

పరీక్ష త్వరగా తేలాలని మేగజైనులో మూడేసి తూటాలే పెట్టాను. మూడు కాల్చడం, స్లైడు మూసుకోవడం, ట్రిగ్గరు నొక్కడం, టిక్. తూటాలు మార్చినా అంతే. మేగజైను మార్చినా అంతే. ఐదోసారికి విసుగు పుట్టి ఆ టిక్ కూడా వినడం మానేశాను. మూడు లెక్కపెట్టుకున్నాను, మేగజైను తీశాను, అది ఖాళీగా ఉంది. స్లైడు ఎప్పటిలాగే మూసుకుని ఉంది. "ఇదిగో చూశావా, మళ్ళీ అంతే" అంటూ పిస్తోలు చేత్తో పట్టుకునే వెనుక నిలబడ్డ మా ఆవిడవైపు తిరగబోయాను.

తిరగబోయాను అనే రాస్తున్నాను. ఎందుకంటే సగంలోనే ఒక చెయ్యి నా మణికట్టును పట్టి ముందుకు తోసింది. రేంజి పర్యవేక్షకుడు. నెరిసిన జుట్టు, అరవై దాటిన మనిషి. ఒక్క మాట కూడా అనకుండా పిస్తోలును నా చేతిలోంచి తీసుకుని, గురిపలకలవైపే ఉంచి, స్లైడు వెనక్కు లాగాడు. లోపలి నుంచి ఒక నిండు తూటా ఎగిరి సిమెంటు నేల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి మా ఆవిడ చెప్పు దగ్గర ఆగింది.

ఆమెతో మాట్లాడుతూ నింపానో ఏమో, ఆ మేగజైనులో నాలుగు పెట్టాను. మూడు పేలాయి. నాలుగోది గొట్టంలో ఎక్కి కూర్చుంది. పిస్తోలు సరిగా పనిచేస్తున్నట్టయితే, స్లైడు మూసుకుని ఉన్నదంటే లోపల ఇంకా ఉందేమోనన్న హెచ్చరికగా కనపడేది. కానీ మూసుకుని ఉండడమే దాని రోగమని నేను వారం రోజులుగా అలవాటు పడ్డాను. నిజంగా హెచ్చరించినప్పుడు ఆ హెచ్చరికను రోగంగా చదువుకున్నాను. ఆ క్షణంలో నా వేలు ట్రిగ్గరు మీద లేదనే నా నమ్మకం. ప్రమాణం చేసి మాత్రం చెప్పలేను.

ఆయన మమ్మల్ని బయటకు పంపేస్తాడనుకున్నాను. పంపలేదు. పది నిమిషాలు కూర్చోమన్నాడు. నా చేతుల వణుకు తగ్గాక, సంగతంతా విని, "ముందు నేను కాలుస్తాను, మీరు చూడండి. తరువాత మీరు కాల్చండి, నేను చూస్తాను" అన్నాడు. నా పిస్తోలే, నా తూటాలే, నా మేగజైన్లే. ఆయన రెండేసి తూటాలు పెట్టి కాల్చాడు. ఆరుసార్లకు ఆరుసార్లూ స్లైడు వెనుకనే ఆగింది.

తరువాత నా వంతు. ఒక్కసారి కాల్చగానే ఆయన నవ్వి, తన ఫోనుతో నా చేతిని ఫోటో తీసి చూపించాడు. నా కుడి బొటనవేలు తిన్నగా ఆ మీట మీద, నొక్కిపెట్టి ఉంది! పలక కిందినుంచి పైకి తోస్తుంటే నా బొటనవేలు పైనుంచి అణిచేస్తున్నది. పాపం అది చెప్పాలనే ప్రయత్నిస్తున్నది, నేనే నోరు మూస్తున్నాను. మణికట్టు సడలకూడదని బిగించిన కొద్దీ ఇంకా గట్టిగా మూశాను. ఇంట్లో చేత్తో లాగినప్పుడు బొటనవేలు అక్కడ లేదు గనుక పరీక్షలన్నీ నెగ్గాయి. నేను అన్నిటినీ మార్చి చూశాను, నన్ను తప్ప.

కుడి బొటనవేలిని ఎడమ బొటనవేలి మీదుగా, మీటకు తగలకుండా పెట్టడం నేర్పాడు. కాల్చాను. టక్. నోరు తెరుచుకుని నిలబడింది. గొట్టం వెనుక ద్వారం కనపడింది, ఖాళీగా.

ఇటువంటి ఇబ్బంది మీకెవరికైనా వస్తే, వరస ఇదీ: ముందు ఖాళీ మేగజైనుతో చేతి పరీక్ష. ఆగకపోతే మేగజైను మార్చి చూడండి. అప్పుడూ ఆగకపోతే మీటలోనో దాని స్ప్రింగులోనో లోపం. మీరే ఆకురాయి పట్టకుండా తయారీదారుకు పంపండి. చేత్తో ఆగి, పేలిస్తే ఆగకపోతే, ఇంకొకరి చేత కాల్పించండి. వారికి ఆగితే మీ పట్టు చూసుకోండి. వారికీ ఆగకపోతే తూటాల రకం మార్చండి. బొటనవేలు కిందినుంచి మీటను పైకి తోస్తే తూటాలు ఉండగానే స్లైడు ఆగిపోయే ముచ్చట కూడా ఉంది. ఇవన్నీ తేలేవరకూ మూసి ఉన్న ప్రతి పిస్తోలూ నిండుగా ఉన్నట్టే లెక్క.

తూటా బరువుకు వాడే గ్రెయిను అంటే గింజే. పూర్వం పడమటి దేశాలవాళ్ళు ధాన్యపు గింజలతో తూచుకున్న కొలత, పౌనుకు 7,000. మా అమ్మమ్మ కాలంలో కంసాలి బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాడు. ఒక గురివింద సుమారు రెండు గ్రెయిన్లు. ఆ లెక్కన నా తూటా గుండు అరవై గురివిందల పెట్టు. ఎర్రగా మెరిసే ఆ గింజ తన కింది నలుపు తానెరగదని సామెత కదా. తయారీదారును, మేగజైనును, తూటాలను తిట్టుకున్న వారం రోజులూ నేను ఆ గింజనే.

ఇంటికి వచ్చే దారిలో మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. హైవే దిగాక, "పిస్తోలు చెడిపోలేదుగా, సంతోషమేనా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అవునని అనలేకపోయాను. వస్తువు బాగుండి మనిషిలో లోపం ఉండడం కన్నా, వస్తువే చెడిపోయి ఉంటే బాగుండునని ఆ పూట అనిపించింది. తిరిగి అంగడికి పంపేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

ఆ పెద్దాయన నేల మీది తూటాను ఏరి నా చేతిలోనే పెట్టాడు. అది ఇప్పుడు నా బల్ల మీద లేదు. పిస్తోలుతోపాటు ఇనుప పెట్టెలో కూడా లేదు. ఆయన నేర్పే తరగతిలో చేరాను, వచ్చే నెలలో మొదలు. అది పూర్తయ్యాక ఆ పెట్టె ఇంట్లో ఉండాలో వద్దో ఇద్దరం కూర్చుని నిర్ణయించుకుందామని ఒప్పందం. అంతవరకూ తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంటుంది. ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.