పల్లె నుంచి – 23: పెదనాన్న ప్లాస్టిక్ కవరు



ఈ వారం హాస్టల్ అన్నం గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ముందు మా పెదనాన్న సంగతి రాయాలి.

ఆగస్టు 15న మా ఊరి హైస్కూల్లో మాజీ సైనికులకు సన్మానం చేశారు. మొత్తం ఏడుగురు. అందులో పెదనాన్న ఒకడు. ఆయన అసలు పేరు మా మాదిగపల్లెలోనే సగం మందికి తెలీదు, అందరికీ ఆయన "మిలిటరీ". మన సినిమాల్లో మిలిటరీ మనిషంటే బుర్ర మీసం, రమ్ము సీసా. రోడ్డు మీద మిలిటరీ అంటే హోటలు. మా పల్లెలో మాత్రం ఎవరికైనా ఆఫీసులో పని పడితే "మిలిటరీని తీసకపో" అంటారు.

సన్మాన పత్రాలు నన్ను రాయమన్నారు. "తెలుగులో డాక్టరేట్ చేసింది, మన ఊరి పిల్లే కదా" అన్నారట కమిటీలో. పత్రాలు రాయాల్సొచ్చిన రోజు మన ఊరి పిల్లని. మిగతా రోజుల్లో పల్లె పిల్లని. సరే, రాశాను. ఏడు పత్రాలూ రెండు గంటల్లో అయిపోయాయి. భరతమాత ముద్దుబిడ్డ, ధీరోదాత్తుడు, మంచుకొండల్లో కంటికి రెప్పలా... పేరూ హోదా మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. ఇన్నేళ్లు చదివిన కావ్యాలన్నీ అక్కరకొచ్చాయి.

ముందు రోజు రాత్రి పెదనాన్నకి ఆయన పత్రం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"బానే ఉందమ్మా. మంచుకొండల్లో నేను స్టోర్లో పప్పూ పిండీ తూచేవాణ్ణి. అది సరేలే. తిరిగొచ్చి ముప్పై ఏళ్లయింది. ఇక్కడ ఏం జేశానో ఒక్క ముక్కా రాయలేదేంది?"

"సన్మానం మిలిటరీ వాళ్లకి కదా పెదనాన్నా."

"మిలిటరీలో జీతమిచ్చారు. ఇప్పుడు పింఛనిస్తన్నారు. దానికి మళ్లా శాలువా ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదు.

పెదనాన్న 1978లో సిపాయిగా చేరాడు. పదిహేడేళ్లు చేసి 1995లో వచ్చేశాడు. ఆ తర్వాతి ఏడాది నుంచీ తెల్లారుజామున నాలుగున్నరకి కాలవకట్ట మీద పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. ఆర్మీ ర్యాలీలో 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు కొడితేనే పూర్తి మార్కులు. ఆ తర్వాత బీము మీద పది పుల్లప్పులు, తొమ్మిదడుగుల గుంత దూకడం. రెండు వేపచెట్లకి అడ్డంగా ఇనప పైపు కట్టించాడు, గుంత తనే తవ్వాడు. మొదట్లో పల్లె పిల్లలే వచ్చేవాళ్లు. మా వాళ్లలో నలుగురికి ఉద్యోగాలొచ్చాక ఊళ్లో పిల్లలూ కాలవకట్టకి రావడం మొదలుపెట్టారు. చెమటకి కులం లేదని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, తెలుసు. పరుగయ్యాక ఎవరి బాటిల్ నీళ్లు వాళ్లే తాగేవాళ్లు, అది కూడా రాసుకోండి. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పటి నుంచి మాత్రం ఆయన ముందు తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెడుతున్నాడు. "నాలుగేళ్లే. నలుగురిలో ఒక్కణ్ణి ఉంచుకుంటారు, ముగ్గురు ఇంటికొస్తారు, పింఛనుండదు. డిగ్రీ మానిపించబాకండి."

ఇంకోటి పింఛను కాయితాలు. మొగుడు పోయిన ముసలమ్మలకి ఏటా లైఫ్ సర్టిఫికెట్టు, బ్యాంకు తిరుగుడు, రికార్డులో పేరు తప్పులు, అన్నిటికీ పెదనాన్నే. ఊళ్లో ఒక పెద్దింటావిడ పేరు రికార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉండి పింఛను ఆగిపోతే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నాలుగుసార్లు బస్సెక్కాడు. పింఛనొచ్చింది. ఆవిడ మంచిదే, వెళ్తే కాఫీ ఇస్తుంది. ఆ గ్లాసు ఇంట్లో ఎక్కడుంటుందో నాకు తెలుసు, పెదనాన్నకీ తెలుసు.

మూడోది డొంక.

మా శ్మశానానికి పోయే డొంక. ఎఫ్ఎంబీ మ్యాపులో దాని వెడల్పు యాభై లింకులు, అంటే 33 అడుగులు. ఇప్పుడు మిగిలింది గట్టు. రెండువైపులా రైతులు ఏటా ఒక సాలు, ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చారు. వానాకాలంలో పల్లెలో ఎవరైనా పోతే పెట్టెని గట్టు మీద ఒకరి వెనక ఒకరు మోసుకుపోవాలి. మా నాయనమ్మని అట్లాగే మోశారు. ముందున్న బాబాయి కాలు జారి మోకాల్లోతు బురదలో పడ్డాడు, పెట్టె ఒక పక్కకి ఒరిగింది. పొలం యజమాని దూరంగా నిలబడి "నారు తొక్కొద్దు" అని కేకేశాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. నాయనమ్మ ముఖం సరిగా గుర్తులేదు గానీ ఆ కేక గుర్తుంది.

ఆ సంవత్సరం నుంచే పెదనాన్న అర్జీలు పెడుతున్నాడు. సోమవారం గ్రీవెన్సుకి పోవడం, రసీదు తెచ్చుకోవడం, ప్లాస్టిక్ కవర్లో పెట్టడం. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఆయనకి నోటికొచ్చు. సెక్షన్ 7 కింద నోటీసు, సెక్షన్ 6 కింద ఖాళీ చేయించడం. అధికారులు మారారు, జిల్లా పేరు కూడా మారింది. కవరు మాత్రం ఉబ్బింది.

పింఛను సిపాయి అర్జీ పట్టుకు తిరగడం మనకి కొత్త కాదు. కొంకణంలో గోపాల్ బాబా వలంగ్కర్ అనే మహార్ హవల్దార్ 1886లో సైన్యం నుంచి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోలేదు. 1888లో అంటరానితనం మీద చిన్న పుస్తకం అచ్చేశాడు. మహార్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేస్తే 1894లో దాని మీద అర్జీ రాశాడు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదార్ మిలిటరీ బడిలో పద్నాలుగేళ్లు హెడ్మాస్టరు. సైన్యంలో మనవాళ్లకి దొరికింది తుపాకీ కంటే ముందు అక్షరం. పెదనాన్న ఆరో తరగతితో చేరాడు. ఇంగ్లీషులో దరఖాస్తు రాయడం అక్కడే నేర్చుకున్నాడు. నాకు మొదటి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే.

ఆ రాత్రి ఆయన పత్రం చింపి మళ్లీ రాశాను. కాలవకట్ట, పింఛను కాయితాలు, డొంక, మూడూ పెట్టాను. పొద్దున కమిటీలో ఒకాయన చదివి, మెల్లగా, మర్యాదగానే అన్నాడు: "పండగ పూట డొంక గొడవెందుకమ్మా? ఆ ఒక్క వాక్యం తీసెయ్." స్టేజీ మీద కూర్చునే వాళ్లలో ఆ పొలాల తాలూకు వాళ్లున్నారు.

తీసేశాను. అవును, నేనే. తరగతి గదిలో నిర్భయంగా రాయాలని పిల్లలకి చెప్పే నేనే, పెన్నుతో కొట్టేశాను.

పత్రం చదువుతుంటే పెదనాన్న డొంక కోసం చూశాడు. రాలేదు. నా వైపు ఒకసారి చూసి శాలువా కప్పించుకున్నాడు.

తర్వాత అందరూ పులిహోర తింటున్నప్పుడు కవరు తీశాడు. కొత్త అర్జీ. "మాజీ సైనికులం" అని మొదలవుతుంది, కింద ఏడు గీతలు. ఆయనదీ, మాలపల్లె ఆయనదీ సంతకాలు అప్పటికే ఉన్నాయి. మిగిలిన అయిదుగురి దగ్గరికీ ప్లేటు పక్కన పెట్టి వెళ్లాడు. ఒకాయన చదవకుండానే పెట్టేశాడు. ఇంకొకాయన కళ్లజోడు తెప్పించుకుని, రెండుసార్లు చదివి పెట్టాడు. ఇద్దరు ఇంట్లో ఒక మాట అనుకుని చెప్తామన్నారు, ఇంకా అనుకుంటున్నారు. అయిదో ఆయన బావమరిదిది ఆ డొంక పక్క చేనే. కాయితం మడిచి పెదనాన్న జేబులోనే పెట్టి, "నన్ను ఇరికించొద్దు మిలిటరీ" అన్నాడు. ఆయన కొడుకుని కాలవకట్ట మీద పరిగెత్తించింది పెదనాన్నే.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. బస్సులో అర్జీ తిరగరాశాను. ఈసారి ఒక్క విశేషణం లేదు: సర్వే నంబరు, లింకులు, సెక్షను, నాలుగు సంతకాలు. మూడు గంటలు లైన్లో నిలబడ్డాం. పత్రం సంగతి ఆయన ఎత్తలేదు. నేనే అన్నాను, "తీసేశాను పెదనాన్నా" అని. "చూశాలే" అన్నాడు.

రసీదిచ్చారు. సర్వేయరు ఫోన్లో దొరికాడు. ఇప్పుడు చేలల్లో నీళ్లున్నాయి, గొలుసు పట్టడం కుదరదు, వరి కోతలయ్యాక వస్తానన్నాడు.

పెదనాన్న రసీదు కవర్లో పెట్టుకుంటూ, "అయితే అప్పటిదాకా పల్లెలో ఎవ్వరూ చావొద్దని దండోరా వేయించాలమ్మాయ్" అన్నాడు.

వచ్చే వారం హాస్టల్ అన్నం. జై భీమ్.