కొండ దిగే సైకిలు బాట

ప్రభువు కృపవలన క్రిందటి వేసవిలో స్కాట్లాండులోని ఫోర్ట్ విలియం చూచితిమి. 1345 మీటర్ల బెన్ నెవిస్ ఆ ఊరి ప్రక్కనే ఉన్నది. దాని పొరుగు కొండ ఆనక్ మోర్. అక్కడ గొండోలా అనే తీగబండి యువకులను సైకిళ్లతోసహా పైకి చేర్చుతుంది. పైనుండి సుమారు 550 మీటర్ల ఎత్తును ఆరితేరినవారు ఐదు నిమిషాలలోపే దిగివేస్తారు. 2002లో అక్కడ మొదటిసారి ప్రపంచ కప్పు పోటీ, 2007లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినవి.

నాకు ఆ వేగం భయమే పుట్టించింది. నా కన్ను బాటమీదనే నిలిచింది.

అక్కడ వానలు విస్తారం. బాటను పాడుచేసేది ముఖ్యంగా నీరే. ఒకడు హఠాత్తుగా బ్రేకు నొక్కితే చక్రం ఈడ్చుకొని చిన్న చార పడుతుంది. వాననీరు ఆ చారనే పట్టుకొని పారుతుంది. కొన్ని వానలకే అది బోదె అవుతుంది, రాళ్లు పైకి తేలుతాయి. మన చేనిగట్టుకు గండి పడే విధమూ ఇదే గదా! అందుకే ఇటువంటి బాటను లోయవైపు కాస్త వాల్చి కడతారు. దూరం దూరాన పల్లం చేసి నీటిని ప్రక్కకు మళ్లిస్తారు. మలుపుల దగ్గర మట్టికట్ట ఎత్తి, దిమ్మిసతో గట్టిపరుస్తారు. బురదనేలలో రాళ్లు పేర్చుతారు, చెక్కలు పరుస్తారు. ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానం నాకు జ్ఞాపకం వచ్చినది.

ఇంత చేసినా పని తీరదు. మేము దిగి వచ్చేటప్పుడు సన్నని వాన మొదలైనది. సైకిళ్లవారు చెట్లక్రిందికి పరుగెత్తారు. ఒక పెద్దాయన మాత్రం పార పట్టుకొని, కాలువకు అడ్డుపడిన ఆకులు తీస్తూ పైకి వెళ్లుచున్నాడు.